కారు హైడ్రాలిక్ క్లచ్‌లో చేరిన ఎయిర్‌ను ఇంటి దగ్గరే తీయడం ఎలా?

క్లచ్ పెడల్ మెత్తబడి, రివర్స్ గేరు వేయబోతే గరగరమని మొరాయించే కారును ఇంటి ముందే సరిచేసుకోవచ్చా అని కడపలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తెలిసినవాళ్లు తరచుగా అడుగుతున్నారు. ఫోనులో చెబితే సగమే అర్థమవుతుంది, ఆ సగంతో పని మొదలుపెడితే ఒక్కోసారి బ్రేకుల దాకా ముప్పు వస్తుంది. కాబట్టి నా కారుకు నేను చేసుకునే వరుసలోనే, ఎక్కడ ఆగాలో ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతూ మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనికి ఇద్దరు మనుషులు, తీరికైన ఒక ఉదయం చాలు. మెకానిక్‌లు దీన్ని బ్లీడింగ్ అనో ఎయిర్ తీయడం అనో అంటారు. ఇందులో బలంతో జరిగేది ఏమీ లేదు, అంతా వరుసతోనే జరుగుతుంది.

1. మీ కారులో ఉన్నది హైడ్రాలిక్ క్లచ్చేనా?

మారుతి 800 వంటి చిన్న కార్లలో క్లచ్‌ను ఇనుప తీగల కేబుల్ లాగుతుంది. అలాంటి కారులో ఎయిర్ అన్న మాటే లేదు, కేబుల్ బిగువు సరిచేస్తే సరిపోతుంది. ఇన్నోవా, స్కార్పియో వంటి బండ్లలో మాత్రం పెడల్ వెనుక ఉన్న మాస్టర్ సిలిండర్ నుంచి పైపు ద్వారా ఆయిల్ వెళ్లి గేరుబాక్సు దగ్గరి స్లేవ్ సిలిండర్‌ను నెడుతుంది.

బోనెట్ ఎత్తి గేరుబాక్సు వైపు చూడండి. రబ్బరు తొడుగు వేసిన కేబుల్ ఒక లివర్‌కు తగులుకొని ఉంటే అది కేబుల్ క్లచ్. సన్నని ఇనుప పైపు వచ్చి బొటనవేలంత లావు సిలిండర్‌లోకి గాని, నేరుగా గేరుబాక్సు గూటిలోకి గాని వెళుతూ ఉంటే అది హైడ్రాలిక్.

ఇంకొక సంగతి ఇప్పుడే చూసుకోవాలి. చాలా కార్లలో క్లచ్‌కు ప్రత్యేకంగా ఆయిల్ డబ్బా ఉండదు. బ్రేకు ఆయిల్ డబ్బా పక్కనుంచే ఒక రబ్బరు పైపు క్లచ్ మాస్టర్ సిలిండర్‌కు వెళుతుంది. మీ కారు అలాంటిదైతే, ఈ పనిలో మీరు బ్రేకుల ఆయిల్‌నే వాడుతున్నారని చివరిదాకా గుర్తుంచుకోవాలి.

2. లోపం ఎయిర్‌దేనా అని తేల్చుకోండి

ఆయిల్‌ను ఎంత నొక్కినా అది కుంచించుకుపోదు, కాబట్టి పెడల్ దగ్గర తొక్కినంతా స్లేవ్ దగ్గర కదలికగా మారుతుంది. గాలి కుంచించుకుపోతుంది. పైపులో బుడగ ఉంటే మీరు తొక్కిన దాంట్లో కొంత ఆ బుడగను నొక్కడానికే ఖర్చయి, క్లచ్ ప్లేటు ఇంజన్ నుంచి పూర్తిగా విడిపోదు. గేరు పడకపోవడానికి కారణం అదే.

- పెడల్ స్పంజిలా మెత్తగా దిగి, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడి గేరు పడితే, అది ఎయిర్ లక్షణం.
- తొక్కి పట్టుకున్నప్పుడు గేరు పడినా, పెడల్ అలాగే ఉంచగా కాసేపటికి బండి ముందుకు కదలబోతూ ఉంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు అరిగి ఉంటాయి. ఎన్నిసార్లు ఎయిర్ తీసినా ఈ లోపం పోదు.
- ఇంజన్ రేజ్ అవుతూ బండి వేగం అందుకోకపోతే, కాలిన వాసన వస్తే, ప్లేటు అరిగిపోయి జారుతోందని అర్థం. దానికీ ఎయిర్‌కూ సంబంధం లేదు.
- పెడల్ కింద మందపాటి మ్యాట్ ముడుచుకొని పడి ఉన్నా క్లచ్ పూర్తిగా దిగదు. పానా పట్టకముందే మ్యాట్ తీసి ఒకసారి తొక్కి చూడండి.

మరొక లక్షణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కడప నుంచి రాయచోటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాటులో లారీల వెనుక క్లచ్ మీద క్లచ్ తొక్కుతూ ఎక్కాల్సి వచ్చినప్పుడు పెడల్ మెత్తబడుతుంది. పైన పాలకోవా అంగళ్ల దగ్గర అరగంట ఆపి బయలుదేరితే మళ్లీ మామూలుగా ఉంటుంది. లీకు లేకపోయినా ఇలా జరగవచ్చు. క్లచ్ పైపులో ఉండేదీ బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం ఉంటే, తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. సైలెన్సర్ పైపుకు దగ్గరగా ఉన్న స్లేవ్ సిలిండర్ బాగా వేడెక్కినప్పుడు పాత ఆయిల్‌లోని నీరు ఆవిరి బుడగలై, చల్లారాక మళ్లీ నీరవుతుంది. ఇలాంటి కారుకు ఎయిర్ తీయడం ఒక్కటే చాలదు, ఆయిల్ మొత్తం మార్చాలి.

3. ఎయిర్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి

మూసి ఉన్న పైపులోకి గాలి ఊరికే రాదు. రిపేరు కోసం పైపు విప్పి ఉండాలి, లేదా ఆయిల్ డబ్బా ఖాళీ అయి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కారే చోటు వెతక్కుండా ఎయిర్ తీస్తే పది రోజులకో నెలకో అదే పెడల్ మళ్లీ మెత్తబడుతుంది. మొదటి రెండు కారణాలు కాదని మీకు తెలిస్తే ఈ నాలుగు చోట్లా టార్చి వేసి చూడండి.

- డ్రైవరు కాళ్ల దగ్గర, పెడల్ కడ్డీ గోడలోకి దూరే చోట వేలు పెట్టి చూడండి. తడి ఉంటే మాస్టర్ సిలిండర్ వెనుక వాషర్ పోయింది.
- స్లేవ్ సిలిండర్ చివరి రబ్బరు తొడుగును మెల్లగా మడిచి చూడండి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే స్లేవ్ కిట్ (లోపలి రబ్బరు వాషర్ల సెట్టు) మార్చాలి.
- ఇనుప పైపు, రబ్బరు హోసు కలిసే బిగింపుల దగ్గర దుమ్ము తడిసి నల్లగా అంటుకుందేమో చూడండి.
- స్లేవ్ గేరుబాక్సు లోపలే ఉన్న కార్లలో, ఇంజనూ గేరుబాక్సూ కలిసే గూటి అడుగున చుక్కలు పడుతున్నాయేమో చూడండి.

రబ్బరు హోసును ఒక చేత్తో పట్టుకొని, సహాయకుడి చేత పెడల్ తొక్కించండి. చేతిలో హోసు ఉబ్బినట్టు తెలిస్తే దాన్ని మార్చక తప్పదు. ఉబ్బే హోసు ఎయిర్ లాగానే పెడల్‌ను మెత్తబరుస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే పొరబడి గంటల తరబడి ఎయిర్ తీస్తూ కూర్చుంటారు.

4. దగ్గర ఉంచుకోవలసినవి

- కొత్త బ్రేక్ ఆయిల్, సీలు తీయనిది, 500 మి.లీ.
- నిపుల్‌కు, అంటే స్లేవ్ దగ్గర ఎయిర్ బయటికి వదలడానికి ఉన్న చిన్న బోలు మరకు, సరిపోయే రింగు పానా. ఎక్కువగా 8, 10 లేదా 11 మి.మీ. సైజు వస్తుంది.
- పారదర్శకమైన పైపు, మీటరు పొడవు, నిపుల్ మీద బిగుతుగా కూర్చునేది.
- నీళ్ల సీసా ఒకటి, అడుగున రెండు వేళ్ల ఎత్తు ఆయిల్‌తో.
- 50 లేదా 60 మి.లీ. సిరంజి. మందుల అంగట్లో దొరుకుతుంది.
- పాత నూలు గుడ్డలు, ఒక బకెట్టు నీళ్లు, కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు.
- వైరు బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, టార్చి, సుద్దముక్క.
- బండి ఎత్తాల్సి వస్తే జాకీ, రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు.

ఏ ఆయిల్ కొనాలన్నది అంగడివాళ్లను అడిగే ప్రశ్న కాదు. కారులోని ఆయిల్ డబ్బా మూత మీద అచ్చు వేసి ఉంటుంది, కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయవచ్చు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉన్నా అది వేరే జాతి, వీటితో కలవదు. డాట్ 5.1 మాత్రం మళ్లీ డాట్ 4 జాతిదే. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క కూడా ఇందులో పడకూడదు. పడితే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి, మాస్టర్ నుంచి స్లేవ్ దాకా అన్నీ మార్చాల్సి వస్తుంది. డబ్బా బ్రేకులతో ఉమ్మడిగా ఉంటే బ్రేకుల వాషర్లూ అదే దారి పడతాయి.

పైపు విషయంలో సెలైన్ పైపుతో సరిపెట్టుకోవాలని చూస్తారు. అది సన్నం, నిపుల్ మీద నిలవదు. అక్వేరియంలో గాలి పంపే పైపును వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి ఎక్కిస్తే చక్కగా పట్టుకుంటుంది.

5. చోటు, వేళ, బండిని నిలపడం

వేసవిలో మన దగ్గర పది దాటితే బోనెట్ ఇనుము చెయ్యి పెట్టనివ్వదు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండి అయితే సైలెన్సర్ కూడా చల్లగా ఉంటుంది. వేడి సైలెన్సర్ మీద బ్రేక్ ఆయిల్ కారితే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

నిపుల్ పైనుంచి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకు తీస్తే అందేలా ఉంటే బండిని ఎత్తవద్దు. కింది నుంచే అందేలా ఉంటేనే ఎత్తాలి.

మన ఇళ్ల ముందు పరిచేవి కడప బండలు. ఇసుక మీద పరిచిన బండ మనిషి బరువు మోస్తుంది గాని, జాకీ స్టాండు నాలుగు కాళ్ల మీద పడే కారు బరువును మోయలేదు. ఒకసారి మా వాకిట్లో స్టాండు పెట్టి చక్రం దించుతుండగా టప్‌మని బండ అడ్డంగా పగిలి స్టాండు ఒక పక్కకు ఒరిగింది. అప్పటికి ఎవరూ బండి కిందికి వెళ్లలేదు కాబట్టి నష్టం బండతో పోయింది. అప్పటినుంచి ప్రతి స్టాండు కింద రెండు అంగుళాల మందం చెక్క పలక వేస్తున్నాను. సిమెంటు నేల ఉంటే బండి అక్కడే పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకొని బండి కిందికి తల పెట్టవద్దు.

హ్యాండ్ బ్రేకు లాగి, వెనుక చక్రాలకు దిమ్మెలు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచండి.

6. విప్పకముందు చేయవలసిన సన్నాహం

డబ్బా మూత తీయకముందే చుట్టూ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మూత అంచున పేరుకున్న ఎర్రదుమ్ము ఆయిల్‌లో పడితే వాషర్లను గీరేస్తుంది.

తర్వాత సిరంజితో డబ్బాలోని పాత ఆయిల్‌ను లాగి, కొత్తది గరిష్ఠ గీత దాకా పోయండి. పాత ఆయిల్ పూర్తిగా తోడేయవద్దు, డబ్బా అడుగున ఉన్న రంధ్రాలు ఎప్పుడూ మునిగే ఉండాలి. పాత ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంటే తేమ పట్టి పాతబడింది. నల్లని నలుసులు తేలుతుంటే రబ్బరు వాషర్లు అరుగుతున్నాయి, కిట్ మార్పు దగ్గర్లోనే ఉందని లెక్క వేసుకోండి.

నిపుల్‌కు పెట్టి ఉన్న రబ్బరు టోపీ తీసి, వైరు బ్రష్‌తో మట్టి దులిపి, తుప్పు స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. ఆ తర్వాత రింగు పానా తగిలించి, ఒక్కసారి చిన్నగా వదిలించి వెంటనే బిగించండి. ఓపెన్ పానాతో బలవంతంగా తిప్పితే నిపుల్ తల మూలలు అరిగి గుండ్రంగా అవుతుంది, ఆ తర్వాత దాన్ని తీయడం మెకానిక్‌కు కూడా కష్టమే. కదలని నిపుల్‌ను విరిగేదాకా తిప్పవద్దు. మళ్లీ స్ప్రే కొట్టి, పానా మీద సుత్తితో చిన్నచిన్నగా తడుతూ ఓపిక పట్టండి.

స్లేవ్ బయటే ఉన్న కారైతే ఈ దశలోనే సహాయకుడి చేత పెడల్ తొక్కించి, స్లేవ్ కడ్డీ ఎంత దూరం కదిలిందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. పని అయ్యాక మెరుగు ఎంతో కంటికి కనిపించే కొలత ఇది ఒక్కటే.

7. అసలు పని: ఇద్దరు కలిసి ఎయిర్ తీయడం

ఒకరు పెడల్ దగ్గర కూర్చోవాలి, ఒకరు నిపుల్ దగ్గర ఉండాలి. ఒకరికొకరు కనిపించరు కాబట్టి మాటల మీదే పని నడుస్తుంది. అందుకే ముందుగా మాటలు ఖాయం చేసుకోవాలి. నేను మొదటిసారి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టినప్పుడు నిపుల్ తిప్పి, "వదులు చేశాను" అన్నాను. ఇంజన్ అవతల నుంచి వాడికి "వదులు" అన్న ముక్కే వినిపించి పెడల్ మీద నుంచి కాలు తీసేశాడు. అప్పుడు పైపు చివర ఇంకా ఆయిల్‌లో ముంచలేదు. పైపులో ఉన్న గాలి అంతా ఒక్క గుటకలో లోపలికి వెళ్లిపోయింది, అరగంట పని మళ్లీ మొదటికి వచ్చింది. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య రెండే మాటలు: "తొక్కు", "ఎత్తు". వాడు ప్రతిసారీ "తొక్కినా అన్నా", "ఎత్తినా అన్నా" అని తిరిగి చెబుతాడు. ఆ జవాబు వినకుండా నేను పానా కదపను.

ఇక వరుస ఇది.

(1) రింగు పానాను ముందు నిపుల్‌కు తగిలించి, దాని మీదుగా పైపు ఎక్కించండి. పైపు ఎక్కించాక పానా పట్టదు.

(2) పైపును నిపుల్ నుంచి ఒక జానెడు పైకి తీసుకెళ్లి, అక్కడి నుంచి కిందికి వంచి సీసాలోకి దించండి. పైపు చివర సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండాలి. ఈ వంపు వల్ల బుడగ పైకి ఎక్కి నిలుస్తుంది, వెనక్కి నిపుల్‌లోకి రాదు.

(3) "తొక్కు." సహాయకుడు పెడల్‌ను నెమ్మదిగా మూడు నాలుగు సార్లు తొక్కి వదిలి, చివరిసారి కిందికి తొక్కి పట్టుకుంటాడు. దడదడమని తొక్కితే ఆయిల్‌లోనే గాలి చిలికినట్టయి సన్నని నురుగు పుడుతుంది, అది తేలడానికి చాలాసేపు పడుతుంది.

(4) జవాబు విన్నాక నిపుల్‌ను పావు చుట్టు తిప్పండి, అర చుట్టు దాటవద్దు. ఎక్కువ తిప్పితే నిపుల్ మర చుట్ల మధ్య నుంచి గాలి లోపలికి వచ్చి, పైపులో బుడగలు ఎప్పటికీ ఆగనట్టే కనిపిస్తాయి.

(5) పెడల్ నేలదాకా దిగిపోతుంది. అది అక్కడే ఉండాలి. పైపులో ఆయిల్ కదలిక ఆగీ ఆగకముందే నిపుల్ మూయండి.

(6) నిపుల్ మూసిన తర్వాతే "ఎత్తు" అనండి. క్లచ్ పెడల్ చాలాసార్లు తనంతట తాను పైకి రాదు, సహాయకుడు కాలి వేళ్లతోనో చేత్తోనో నెమ్మదిగా లేపాలి. పెడల్ పైకి వచ్చాక అయిదు సెకన్లు ఆగితే డబ్బాలోని ఆయిల్ మాస్టర్ సిలిండర్‌లోకి నిండుతుంది.

(7) మళ్లీ (3) నుంచి మొదలుపెట్టండి. ప్రతి నాలుగు సార్లకు ఒకసారి డబ్బా చూసి గరిష్ఠ గీత దాకా నింపండి.

డబ్బా గురించి ఒక హెచ్చరిక. బ్రేకులతో ఉమ్మడి డబ్బా ఉన్న కార్లలో క్లచ్ పైపు డబ్బా అడుగు నుంచి కాకుండా పక్కన కొంత ఎత్తులో మొదలవుతుంది. క్లచ్ వైపు లీకైనా బ్రేకులకు ఆయిల్ మిగలాలని అలా అమర్చారు. అంటే డబ్బాలో సగం ఆయిల్ కనిపిస్తున్నా క్లచ్ పైపు గాలి పీల్చుకుంటూ ఉండవచ్చు. కాబట్టి కనిష్ఠ గీతను నమ్ముకోవద్దు, గరిష్ఠ గీత దగ్గరే ఉంచండి. పొరబాటున డబ్బా పూర్తిగా ఖాళీ అయితే బ్రేకుల్లోకి కూడా గాలి వెళ్లి ఉంటుంది. ఏబీఎస్ ఉన్న కారైతే ఆ గాలి తీయడానికి స్కానర్ అవసరం కావచ్చు. అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి.

మొదట్లో పైపులో పెద్ద బుడగలు గుడగుడమని వస్తాయి. తర్వాత నల్లని పాత ఆయిల్ మధ్య ఆవగింజంత బుడగలు వరుసగా జరుగుతూ కనిపిస్తాయి. ఆ తర్వాత పైపులో రంగు మారే గీత ఒకటి కనబడుతుంది, అవతల డికాషన్ రంగు, ఇవతల తేనె రంగు. ఆ గీత సీసాలోకి దిగిపోయి, కొత్త రంగు ఆయిల్ ఒక్క బుడగ కూడా లేకుండా వరుసగా అయిదు సార్లు వస్తే ఎయిర్ పోయినట్టు. ఎన్నిసార్లు తొక్కాలని అడిగితే లెక్క చెప్పలేం, పైపులో కనిపించేదే లెక్క.

చివరి మూతలో నిపుల్‌ను గట్టిగా కాక బిగుతుగా బిగించండి. ఇది బోలు నిపుల్, మణికట్టు బలమే దీనికి ఎక్కువ. పుస్తకంలో టార్క్ అంకె ఇచ్చి ఉంటే అంతే బిగించండి. రబ్బరు టోపీ పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే మట్టి చేరి వచ్చేసారి నిపుల్ బిగుసుకుపోతుంది.

8. ఒక్కరే ఉన్నప్పుడు

సహాయకుడు దొరకనప్పుడు తేలికైన దారి, ఆయిల్‌ను దాని బరువుకే వదిలేయడం. డబ్బా నింపి, మూత వదులుగా పెట్టి, పైపు తగిలించి నిపుల్‌ను అర చుట్టు తిప్పి కూర్చోండి. చుక్కచుక్కగా దిగుతూ పది ఇరవై నిమిషాల్లో చాలా గాలిని తీసుకొచ్చేస్తుంది. డబ్బా దగ్గర నుంచి లేచి మాత్రం వెళ్లవద్దు.

రెండోది, కింది నుంచి పైకి నెట్టడం. గాలి స్వభావం పైకి పోవడమే కాబట్టి ఈ పద్ధతి దాని దారిలోనే పనిచేస్తుంది. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, సూది మూతి పైకి పెట్టి బుడగలు తోసేసి, పైపును కూడా ఆయిల్‌తో నింపి నిపుల్‌కు తగిలించండి. నిపుల్ తెరిచి చాలా మెల్లగా నెట్టండి. డబ్బాలో బుడగలు పైకి తేలుతూ కనిపిస్తాయి. సిరంజి ఖాళీ అయ్యే లోపే నిపుల్ మూయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. డబ్బా పొంగి కారకుండా ముందే కొంత ఆయిల్ తోడి ఉంచాలి. పైపులో నల్లని మురికి ఆయిల్ ఉన్నప్పుడు ఈ పద్ధతి వాడితే ఆ మురికంతా మాస్టర్ సిలిండర్‌లోకి, ఉమ్మడి డబ్బా అయితే బ్రేకుల డబ్బాలోకి ఎక్కుతుంది. అందుకని ముందు పై నుంచి కిందికి పాత ఆయిల్ దింపేసి, ఇంకా మెత్తదనం మిగిలితేనే ఇది చేయాలి.

9. మొండి ఎయిర్

కొన్ని కార్లలో బుడగలు రావడం ఆగినా పెడల్ మెత్తగానే ఉంటుంది. స్లేవ్ సిలిండర్‌లో నిపుల్ కంటే ఎత్తుగా ఉన్న మూలలో గాలి చిక్కుకుపోవడమే దీనికి కారణం.

బయటి స్లేవ్ అయితే దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులు విప్పి, పైపు విప్పకుండానే, నిపుల్ అన్నిటికంటే పైన ఉండేలా చేత్తో పట్టుకోండి. కడ్డీని లోపలికి నెమ్మదిగా పూర్తిగా నెట్టండి. చిక్కుకున్న గాలి పైపు గుండా డబ్బాలోకి వెళ్లిపోతుంది. రెండు మూడు సార్లు ఇలా చేసి, స్లేవ్‌ను తిరిగి బిగించి, ఏడో భాగంలోని వరుసను మరో అయిదారు సార్లు చేయండి. స్లేవ్ బయట వేలాడుతున్నంతసేపు ఎవరూ పెడల్ తొక్కకూడదు. తొక్కితే పిస్టన్ బయటికి ఎగిరి, ఆయిల్ అంతా నేలపాలై, వాషర్ దెబ్బతింటుంది. పిల్లలు బండి ఎక్కకుండా తలుపులు లాక్ చేసి ఉంచండి.

స్లేవ్ గేరుబాక్సు లోపల ఉన్న కార్లలో ఈ మార్గం లేదు. నిపుల్ గూటి బయట ఉంటుంది గాని, సిలిండర్ మనకు అందదు. కింది నుంచి సిరంజితో నెట్టడం వీటికి బాగా పనిచేస్తుంది. కొన్నిటిలో మర నిపుల్ బదులు క్లిప్పు లాగితే తెరుచుకునే కనెక్టర్ ఉంటుంది. దాన్ని ఎంతవరకు లాగాలో కారు పుస్తకంలో చూడకుండా చెయ్యి పెట్టవద్దు, పూర్తిగా ఊడితే ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది. ఆ గూటి అడుగు నుంచి ఆయిల్ కారుతుంటే మాత్రం గేరుబాక్సు దించక తప్పదు. అది ఇంటి పని కాదు.

10. పరీక్షించడం

ఇంజన్ ఆపి ఉన్నప్పుడే ముందు పెడల్ తొక్కి చూడండి. మొదటి తొక్కుకూ అయిదో తొక్కుకూ పెడల్ ఒకే ఎత్తులో, ఒకే గట్టిదనంతో ఉండాలి. సుద్ద గుర్తు పెట్టుకొని ఉంటే కడ్డీ కదలిక మళ్లీ చూడండి. నా కారులో ముందు చిటికెనవేలి గోరంత కదిలిన కడ్డీ పని అయ్యాక దాదాపు దానికి రెండింతలు కదిలింది.

తర్వాత బండిని కిందికి దించి, ముందు వెనుక ఎవరూ లేకుండా చూసుకొని స్టార్ట్ చేయండి. కుడికాలు బ్రేకు మీదే ఉండాలి. న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, పది లెక్కపెట్టి, రివర్స్ వేయండి. గరగర లేకుండా పడితే ప్లేటు పూర్తిగా విడుతోంది. ఇప్పుడు మొదటి గేరు వేసి క్లచ్ తొక్కే ఉంచి ఒక నిమిషం ఆగండి. బండి ముందుకు లాగడం మొదలుపెడితే మాస్టర్ వాషర్లు కారుతున్నట్టే.

ఉమ్మడి డబ్బా ఉన్నవాళ్లు వీధిలోకి వెళ్లకముందు బ్రేకు పెడల్ కూడా తొక్కి చూడాలి. అది ఏమాత్రం మెత్తగా అనిపించినా బండి కదపవద్దు.

11. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

- బుడగలు ఆగడమే లేదు: పైపు నిపుల్ మీద వదులుగా ఉందేమో, నిపుల్ ఎక్కువ తిప్పారేమో చూడండి. పైపు చుట్టూ చిన్న జిప్ టై బిగించండి.
- ఆయిల్ అసలు రావడం లేదు: నిపుల్ రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంటుంది. నిపుల్ పూర్తిగా తీసి సన్నని తీగతో పొడిచి, శుభ్రం చేసి పెట్టండి. తీసినప్పుడు కింద సీసా ఉండాలి.
- పెడల్ కిందే ఉండిపోయింది: కంగారు పడవద్దు, చేత్తో లేపండి. నిపుల్ మూసి ఉందని చూసుకొని పదిసార్లు నెమ్మదిగా లేపి తొక్కితే పట్టు వస్తుంది.
- పట్టు వచ్చి, మర్నాటికి పోయింది: ఎక్కడో కారుతోంది, మూడో భాగానికి తిరిగి వెళ్లండి.
- క్లచ్ వదిలినా బండి ఆలస్యంగా పట్టుకుంటోంది: పాత రబ్బరు హోసు లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉండవచ్చు. హోసు మార్చి చూడండి.
- పెయింటు మీద ఆయిల్ పడింది: గుడ్డతో రుద్దవద్దు, వెంటనే బకెట్టు నీళ్లు పోయండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఆలస్యం చేస్తే పెయింటు ఉబ్బి లేచిపోతుంది.
- కంట్లో చిందింది: నీళ్లతో చాలాసేపు కడిగి వైద్యుడికి చూపించండి.

12. పని అయ్యాక

సీసాలోకి వచ్చిన ఆయిల్ శుభ్రంగా కనిపించినా తిరిగి డబ్బాలో పోయవద్దు. దాన్ని మురుగు కాలువలో గాని చెట్ల మొదట్లో గాని పారబోయకుండా, మూత పెట్టి, వాడిన ఆయిల్ పోగుచేసే గ్యారేజీలో ఇచ్చేయండి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో ఉంచడం చాలా ప్రమాదం, అది విషం, చూడటానికి మాత్రం తాగేదానిలా ఉంటుంది. మిగిలిన కొత్త ఆయిల్ సీలు తీసింది కాబట్టి నెలల తరబడి దాచినా తేమ పట్టి పనికిరాకుండా పోతుంది.

నిపుల్, పైపు బిగింపులు, స్లేవ్ చుట్టూ నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పొడిగా ఉన్నచోట మర్నాడు ఒక్క చుక్క తడి కనిపించినా తెలిసిపోతుంది. డబ్బాలో ఆయిల్ ఏ గీత దగ్గర ఉందో ఫోనులో ఫొటో తీసుకొని, వారం తర్వాత, మళ్లీ నెల తర్వాత పోల్చి చూడండి. పని చేసిన తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు డబ్బా పక్కన చిన్న టేపు మీద రాసి అంటించండి. కారు పుస్తకంలో వేరే గడువు లేకపోతే రెండేళ్లకు ఒకసారి ఈ ఆయిల్ మార్చడానికి ఆ తేదీ పనికొస్తుంది.